ధర అడిగే హక్కు ఎవరిది?

వర్తక సంఘాల చరిత్ర రాసేవాళ్లు తెల్లదొరలతో మొదలుపెట్టి దేశీయ షావుకార్లతో ముగిస్తారు. మద్రాసులో 1836లో యూరోపియన్ వ్యాపారులు చాంబర్ ఆఫ్ కామర్స్ పెట్టుకున్నారు. దేశీయ వర్తకులు తమ గొంతు వినిపించడానికి 1909లో సదరన్ ఇండియా చాంబర్ పెట్టుకున్నారు. దాని మొదటి అధ్యక్షుడు తెలుగువాడైన పిట్టి త్యాగరాయ చెట్టి. తెల్లవాడి పెత్తనాన్ని నిలదీయడం చిన్న విషయమేం కాదు. కానీ ఈ చరిత్ర షావుకారి గడప దగ్గరే ఎందుకు ఆగిపోతుంది?

మద్రాసు రేవులో ఓడలెక్కిన సరుకుల్లో పదును చేసిన తోళ్లు ముఖ్యమైనవి. చచ్చిన గొడ్డును ఒలిచి, సున్నంలో నానేసి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క రసంలో ఊరేస్తే గానీ తోలు సరుకు కాదు. ఆ పని తెలిసిన చేతులు అంటరానివయ్యాయి. తోలు మాత్రం గూడెం దాటి గోదాం చేరగానే శుద్ధి అయిపోయింది! చాంబర్ల చరిత్రలో సరుకు ఉంది, చెయ్యి లేదు.

అది బ్రిటిషు మద్రాసు. మరి మన నైజాం ఇలాకాలో? హైదరాబాదులో 1917లో చాంబర్ వచ్చింది. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం పల్లె వర్తకుల బాధను కూడా ఎత్తుకుంది. అధికారులు ఊళ్లో మకాం వేస్తే దుకాణదారు వాళ్లడిగిన సరుకులు ఇచ్చుకోవాల్సి వచ్చేది. దానిమీద ‘వర్తక స్వాతంత్ర్యము’ అనే చిన్న పుస్తకం వచ్చింది. ‘వెట్టిచాకిరి’ అనే ఇంకో పుస్తకమూ వచ్చింది. రెండూ అవసరమైనవే. అయితే పేర్లు చూడండి. బలవంతాన సరుకు పోగొట్టుకున్న వర్తకుడిది స్వాతంత్ర్య సమస్య. అదే బలవంతాన తోలు సామాను పోగొట్టుకున్న మాదిగది చాకిరి సమస్య!

నల్లగొండ జిల్లాలో మాదిగలు దొరలకు చెప్పులు, మోటబొక్కెనలు వెట్టికింద ఇచ్చారు. నందికొండ దగ్గర 1955లో సాగర్ ఆనకట్టకు పునాదిరాయి పడింది. కాలువలు రాకముందు ఈ మెట్టల్లో బావినీళ్లు తోడింది మోట. ఆ బొక్కెన కుట్టింది మాదిగ. దానికి ధర ఏది? వర్తకుడు ధర తక్కువైందని కొట్లాడిండు. మాదిగ చేతిపని వెట్టికింద పోయినచోట అసలు ధర దాకానే రాలేదు.

చాంబర్ అంటే ధర అడిగే సంఘం. ధర అడగాలంటే ముందు సరుకు తనదని చెప్పుకునే హక్కు ఉండాలి. ఆ హక్కు ఎవరికి దక్కకుండా పోయిందో తేల్చకుండా ‘దేశీయ వాణిజ్య చరిత్ర’ రాస్తే అది షావుకారి చిట్టా మాత్రమే. మన విద్యార్థులు ఆ చిట్టాను లంద దగ్గర కూర్చుని తిరిగి చదవాలి. వాడలో ముసలోళ్లున్నారు, అడగండి: ఒక్క బొక్కెనకు ఎంత ముట్టింది?