పలుకనివానితో పలుకు

భాద్రపద మాసమున ఒక రాత్రి, వానకు ముందరి ఉక్కకు తాళజాలక మంచము విడిచి అరుగుమీద చాప పరచుకొని పరుండిన నేను, తెల్లవారుజామున కడుపులో మెలిపెట్టినట్టి నొప్పితో లేచి, మా ఇంటామెను పిలువబోయి, పిలుపు నాలుకమీదనే ముద్దగట్టి నిలిచిపోగా, ఏమి సంభవించినదో తెలియక స్తంభమునకు చేరగిలబడి కూర్చుంటిని. కాటు వేసిన జ్ఞాపకము లేదు, వాపు లేదు, నెత్తురు లేదు. కనురెప్పలు మాత్రము ఎవరో పైనుండి లాగుచున్నట్లు దిగిపోవుచుండెను. మా దేవరకొండ ప్రాంతమున రాత్రివేళ పాము పేరెత్తరు. "పురుగు ముట్టింది" అందురు. మా ఇంటామె నా రెప్పలను చూచి ఆ మాటయే అన్నది. మంత్రము వేయువానికొరకు ఒకరు పరుగెత్తబోగా, పొరుగింటి పడుచువాడు వారించి 108కి ఫోను చేసెను. ఈ వారము ఈ శీర్షిక వ్రాయుటకు నేను మిగిలియుండుట మొదట అతని తెలివివలన. ఆ పిమ్మట కొందరు స్త్రీల చేతులవలనను, అంతకంటె వింతగా, వారి మాటలవలనను.

నన్ను ముట్టినది కట్లపాము. నల్లని మేనిపై సన్నని తెల్లని కట్లుగల యీ సర్పము రాత్రించరము. ఆహారము వెదకుచు ఇండ్లలోనికి వచ్చి, నేలపై పరుండిన మనిషి చేయో కాలో తగిలినచో కరచి తన దారిని పోవును. కోరలు మిక్కిలి చిన్నవగుటచే నిద్రించువానికి మెలకువయైన రాకపోవచ్చును. నాగుపాము, కట్లపాము, పింజర జాతిలోని రెండు, ఈ నాలుగింటి విషములకును మన దేశమున ఒక్కటే విరుగుడు మందు. తమిళనాడులో ఇరుళజాతివారు 1978లో స్థాపించుకొన్న సహకార సంఘము విషమును పితికి యిచ్చుచుండగా, దానిని గుఱ్ఱములకు కొంచెము కొంచెముగా ఎక్కించి, వాని నెత్తురునుండి ఆ మందు తీయుదురు. నాకును అది యెక్కించిరి. కాని కట్లపాము విషమునకు ఒక కౌటిల్యము కలదు. అది నరముల కొసలను చేరి వానిని చెరచిన పిదప, నెత్తురులో ఇంకను తిరుగుచున్న విషమును మందు పట్టుకొనగలదే కాని, చెడిన కొసలను బాగుచేయజాలదు. అవి తమంతట తాము మరల చిగుర్చవలెను. అందుకు దినములు పట్టును. ఆ దినములలో ఊపిరిని యంత్రమిచ్చును. తక్కినదంతయు నర్సులిత్తురు. ఆ "తక్కినది" ఎంతటిదో నాకు అంతకుముందు తెలియదు.

దేవరకొండనుండి నల్లగొండ పెద్దాసుపత్రికి పోవు త్రోవలో నా ఊపిరి నిలిచినదట. ఆంబులెన్సులోని యువకుడు నా ముక్కునోళ్లపై ముసుగు నదిమి, రబ్బరు సంచిని పిడికిట నొక్కుచు, రోడ్డు గతుకులకు తానొరిగినను సంచి ఆగకుండ, ఆస్పత్రి గుమ్మము చేరువరకు నాకు తానే ఊపిరియై యుండెను. 1952లో కోపెన్‌హాగన్ నగరమున పోలియో ప్రబలినపుడు, సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు రేయింబవళ్లు వంతులు వేసుకొని యీ విధముగనే సంచులు నొక్కిరనియు, నేటి ఐసీయూ అను వ్యవస్థకు అదియే బీజమనియు నేను తరువాత చదివితిని. మన దేశమున 2000 నుండి 2019 వరకు పాముకాటువలన ఏటేట సగటున 58 వేల మంది చనిపోయిరని పరిశోధకుల అంచనా. ఎక్కువ మరణములు గల రాష్ట్రములలో ఉమ్మడి ఆంధ్రప్రదేశమును ఒకటి. ఆ లెక్కలో చేరవలసినవాడను ఆ సంచి పుణ్యమున బయట నిలిచితిని.

ఇక ఇప్పుడు చెప్పబోవునది, అనుభవించినవానికి తప్ప నమ్మశక్యము కానిది. నేను కన్ను తెరువలేను, వ్రేలు కదల్పలేను, ఉమ్మి మ్రింగలేను, ఊపిరి తీయలేను, కాని వినగలను. తెలివి దీపమువలె లోపల వెలుగుచునే యున్నది. ఇంటి తలుపులన్నియు బయట గడియ పడినవి. ఈ విషము మెదడును తాకదు, కండరములను మాత్రమే నిశ్చేష్టము గావించును. కంటిపాపకు వెలుగు చూపినను చలించని స్థితి కూడ కలుగునట. అందుచేత తెలియనివారు అట్టి రోగిని చనిపోయినవానిలో జమకట్టుట కద్దు. నన్ను చూడవచ్చిన దగ్గరి బంధువొకడు మంచముప్రక్కనే నిలిచి, "ఇగ ఆశ లేదు, ఇంటికి తీస్కపోదం" అనెను. ఆ మాట నా చెవిని పడినది. కాదనుటకు నాకు నోరు లేదు. అప్పుడు నా తలవైపునుండి ఒక స్త్రీ కంఠము, గట్టిగా కాదు, కోపముగా కాదు, బడిలో పిల్లవానిని దిద్దునట్లు, "సారు ఇంటున్నడు. ఆయన ముందట అసుమంటి మాటలు అనకుండ్రి" అనెను. నేను బడిపంతులనని ఆమెకు మా ఇంటామె చెప్పియుండును. ముప్పదియేండ్లు పిల్లలచేత సారని పిలిపించుకొన్నవాడను. ఆ పిలుపు నేను బ్రతికియున్నాననుటకు సాక్ష్యముగా పలుకబడుట అదియే మొదలు.

అది మొదలు ఆ కంఠమే నాకు గడియారము, పంచాంగము, లోకము. "సారూ, ఇయ్యాల మంగళవారం. పొద్దుగాల ఆరైంది. మీ ఇంటామె బయట కూసున్నది, చాయ తాగింది." ఈ మూడు వాక్యములలో కాలమును, ఇల్లును నాకు తిరిగి దక్కినవి. మ్రింగుడు లేనందున గొంతులో చేరు ఉమ్మిని గొట్టముతో తీయుట ప్రాణము విలవిలలాడు పని. దానికి ముందు "పైపు పెడుతున్న, జర దగ్గొస్తది, భయపడకుండ్రి" అని చెప్పి మరి తీయును. రెండు గంటలకొకమారు ఇద్దరు చేరి "పక్కకు తిప్పుతున్నం సారూ" అని తిప్పి, వీపునకు మెత్తని గుడ్డ దాపుపెట్టి, దుప్పటి ముడుత విప్పుదురు. తిప్పనిచో మూడునాళ్లలో వీపు పుండగునని తరువాత తెలిసినది. మూతపడీ పడని కన్నులు ఎండిపోకుండ మందు రాచి అంటింతురు, నోరు తుడుతురు, మలమూత్రములు ఎత్తుదురు. చెప్పకుండ చేసినచో ఈ పనులలో ప్రతియొకటియు కదలలేనివానికి ఒక దాడి. చెప్పి చేసినచో ఉపచారము. చేతి పని ఒక్కటియే. ముందు పలికిన మాటయే దానిని ఉపచారముగా మార్చుచున్నది.

చరకుడు తన సంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పెను: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునికి మరల నాలుగు గుణములు విధించెను: ఉపచారము తెలిసియుండుట, దక్షత, అనురాగము, శౌచము. మొదటి, రెండవ, నాలుగవ గుణములను చదువుకొన్న నాడే గ్రహించితిని. అనురాగము మాత్రము నాకు ముల్లువలె నాటుచుండెను. తక్కిన మూడును నేర్పవచ్చును, పరీక్షింపవచ్చును. ప్రేమను ఎవరు ఉద్యోగనియమముగా వ్రాయగలరు? తల్లి బిడ్డకు చేసినది ప్రేమ; నెలజీతమునకు రాత్రి మూడు గంటలవేళ అపరిచితుని ఉమ్మి తీయుట ఎట్లు ప్రేమయగును? ఈ ప్రశ్నను నాలోనుంచుకొని ఆ మంచముపై ఐదు దినములుంటిని.

ఆధునిక నర్సువిద్యకు ఆద్యురాలని చెప్పదగిన ఫ్లారెన్సు నైటింగేలు, క్రిమియా యుద్ధమునుండి తిరిగివచ్చి 1859లో వ్రాసిన చిన్నపుస్తకమున, రోగికి వినబడీ వినబడకుండ గదిలో గుసగుసలాడుట క్రూరకృత్యమని నిర్మొగమాటముగా చెప్పినది. 1860లో ఆమె పేర లండనులో పాఠశాల వెలసెను. మన పల్లెలలో ఈ వృత్తి నిలిచిన త్రోవ వేరు. పరుల మలమూత్రములను ముట్టుట మైల యని అగ్రవర్ణములవారు మొగము త్రిప్పుకొన్న కాలమున, మిషను ఆస్పత్రులలో ముందుకువచ్చి నేర్చినవారు చాలవరకు అదివరకే లోకము అంటరానివారని దూరముంచిన కుటుంబముల ఆడపిల్లలు. మన పాలమూరు సీమలో జడ్చర్ల మెన్నొనైటు మిషను ఆస్పత్రి ఆ చరిత్రకు గుర్తు. ముట్టరానివారన్న ముద్ర పడినవారే ముట్టి బ్రతికించు విద్యను మనకు తెచ్చిరనుట మనము తలవంచి తలచుకొనదగిన సంగతి. సన్న్యాసినులనుండి వచ్చిన "సిస్టర్" అన్న పిలుపునకు మనవారు "అమ్మ"ను తగిలించి సిస్టరమ్మ యనిరి. 2023లో రాష్ట్ర ప్రభుత్వము స్టాఫ్ నర్సన్న పేరును నర్సింగ్ ఆఫీసరుగా మార్చినది, మంచిదే. కాని వెంటిలేటరుపైనున్న ఒక్కొక్క రోగికి ఒక్కొక్క నర్సుండవలెనన్న నియమము నిజముగా పాటింపబడిన నాడు ఆ పేరునకు పూర్ణార్థము కలుగును.

ఆమె దినదినము "సారూ, వేలు కదిలించుండ్రి" అని అడుగుచునే యుండెను. నేను కదిలించుచునే యుంటిని, అది కదలకుండెను. నాలుగవనాటి రాత్రి, తానడుగక ముందే, నాకే తెలియక ముందే, ఆమె చూచినది. "కదిలింది! సారు బొటనవేలు కదిలింది!" అన్న ఆ కేకలో, పరీక్ష తప్పుననుకొన్న పిల్లవాడు గట్టెక్కినపుడు నేనును ఎన్నోమార్లు వేసిన కేక వినబడెను. మరునాటికి ఊపిరి గొట్టము తీసిరి. రెప్పలు విడిన ఉదయమున నర్సుల వంతు మారియుండెను. ముక్కునోళ్లకు ముసుగులు, ఒకేరంగు దుస్తులు, అన్నియు క్రొత్త కన్నులు. నన్ను బ్రతికించిన ముఖమును నేను చూడలేదు.

ఆశ్వయుజమున, బాలానగరు సీతాఫలములు సంతలకు దిగిన వేళ, ఒక గంప కొని మా ఇంటామెతో కూడ నల్లగొండ పోయి, ఆ వార్డు గుమ్మముకడ నిలిచితిని. చూచి గుర్తుపట్టలేను గనుక వినుటకు నిలిచితిని. లోపలినుండి ఒక కంఠము వచ్చినది: "ముట్టేముందు పిలువాలె. పిలిచి, ఏం జేస్తున్నవో చెప్పి, అప్పుడు ముట్టాలె." అది ఆమె కంఠము కాదు. పెద్దవయసు నర్సొకామె, నర్సింగు చదువుచున్న బాలికలు నలుగురికి పాఠము చెప్పుచుండెను. ఆమె బయటకు రాగా నేను చేతులు జోడించి, నాతో మాటలాడిన తల్లి యెవరని అడిగితిని. ఆమె నవ్వి, "ఎవరైనా అట్లనే మాట్లాడుతం సారూ. మాకు అట్లనే నేర్పిన్రు" అన్నది.

నిజము చెప్పవలెనన్న, ఒక క్షణము నా మనస్సు చిన్నవోయినది. నాకై పలికినవనుకొన్న మాటలు పాఠములోని మాటలైనవి. కాని గుమ్మములోనే నిలిచి ఆలోచింపగా, ఇన్నాళ్ల ముల్లు మెల్లగా ఊడివచ్చినది. మనస్సు పుట్టినపుడు పుట్టి, అలసినపుడు అణగిపోవు ప్రేమను నమ్ముకొన్నచో, రాత్రి మూడు గంటలవేళ నాబోటివాని గతి యేమి? అనురాగమును చరకుడు గుణముల వరుసలో, దక్షతకును శౌచమునకును నడుమ కూర్చుండబెట్టుటలో పొరపాటు లేదు. అదియు నేర్పదగినదే, నేర్వదగినదే, అలవాటున గట్టిపడదగినదే. నేను ముప్పదియేండ్లు చేసిన పనియు, మంచిగ చేసిన దినములలో, అంతకంటె వేరు కాదు.

గంపను బల్లమీద నుంచి వెనుదిరుగబోవుచుండగా, బాలికలలో చిన్నది మూలమంచము చేరినది. అందు పడియున్న వృద్ధుడు కన్ను తెరువడు, కదలడు. ఆమె గొంతు కొంచెము వణకినది: "తాతా, చెయ్యి పడుతున్న." అని, వెంటనే పట్టుకొనలేదు. అతడేదో బదులు చెప్పుచున్నట్లు, ఆ బదులు పూర్తియగువరకు ఆగవలసినట్లు, ఒక్క నిమేషము ఆగినది. ఆ పిమ్మట చేయి పట్టుకొన్నది.