గృహచిత్రమున వృక్షములు

వైయాకరణు లధికరణమును మూఁడువిధములుగాఁ జెప్పుదురు. అందుఁ జాపపైఁ గూర్చుండినవానికిఁ జాప యౌపశ్లేషికాధికరణము. నూనెకు నువ్వు లభివ్యాపకాధికరణము. ఇంటఁ దగిలించిన పటము మొదటిజాతిది. తీసివేసినను నిల్లు తఱుఁగదు. భిత్తిచిత్రము రెండవజాతిది కావలయును. కానిచో వట్టి పూఁత.

బినోదబిహారి ముఖోపాధ్యాయుఁడు 1940లో శాంతినికేతనమునఁ గళాభవన విద్యార్థినివాసపు లోకప్పుమీఁద వ్రాసిన చిత్రము నా కిందుల కుదాహరణము. నడుమఁ జెఱువు, చుట్టును వీరభూమిసీమ పల్లెలలోని చెట్లు, మనుష్యులు, పశువులు. గోడమీఁదిచెట్టునకు నేల క్రిందనే యుండి తీఱును. లోకప్పునకుఁ గ్రిందుమీఁదులు లేవు. కావునఁ జెట్లు చెఱువునకు నలుదెసల మొలచినవి. ఒకమూలవానికి నిలిచిన చెట్టు ఎదుటిమూలవానికిఁ దలక్రిందు. ఇది దోషమని యాక్షేపింపవచ్చును. నే నంగీకరింపను. పరుండువా రుండు నింటికై వ్రాసినది గదా! విద్యార్థి ప్రక్క మార్చినప్పుడెల్ల వేఱొకచెట్టు నిలుచును.

విష్ణుధర్మోత్తరమందలి చిత్రసూత్రము గృహములకు శృంగారహాస్యశాంతములనే విధించి, యుద్ధశ్మశానాదులను నిషేధించినది. ఆ శాంతము నీతఁడు మునులచేఁ గాక చెట్లచే సాధించెను. బాల్యమునుండియు నొకకన్ను కానరాక, రెండవదాన మందదృష్టియే కలిగి, తరువాత నదియుఁ గోల్పోయినవాఁ డితఁడు. తన చూపును, పనిని గూర్చి 'చిత్రకర్' అను వంగగ్రంథమునఁ దానే వ్రాసికొనెను. జాలిచే నీ చిత్రమును మెచ్చుట దానికే యన్యాయము.

ఛాయాపటమునఁ జూచువారికి మాత్ర మిందు సగము దక్కదు. కాగితమునకుఁ గ్రిందియంచు తప్పదు.