గడీకో దండకం

ముందుగా దర్వాజకు దండం. ఏనుగు అంబారీతో సహా దూరేంత ఎత్తు నీది. నీ రెక్కలోనే మనిషి నడుం వంచి దూరాల్సిన దిడ్డి. ఏనుగులు ఎన్నొచ్చాయో ఏమో గానీ వంగినవాళ్లు మాత్రం ఊరంతా. ఇప్పుడు రెక్కలు లేవు, దిడ్డి లేదు. ఇనుప గుబ్బలు ఎప్పుడో పాత సామాన్ల బండెక్కాయి. టేకు చెక్క ఎవరింటి గుమ్మమైందో. మిగిలిన రాతి కమాను కింద నుంచి మేకలు పోతున్నాయి, వాటి వెనక బడిపిల్లలు పోతున్నారు, నిటారుగా.

గడీ! ఇందూరు నుంచి నల్లగొండ దాకా, కరీంనగరం నుంచి పాలమూరు దాకా, ఊరి నడుమ ఊరికంటే ఎత్తుగా కూర్చున్నదానా! చుట్టూ మట్టిగోడలు, తాటాకు కప్పులు. నువ్వొక్కదానివే రాయీ సున్నమూ. నీ బురుజెక్కితే ఎవరి పొయ్యి రాజుకుందో, ఎవరి ఎడ్లు కట్టుకొయ్యకే ఉన్నాయో, ఎవరి కల్లంలో ఎంత రాశి పడిందో కనిపించేది. నిన్ను చూసి కోట అనుకునేవాళ్లున్నారు. చాలా గడీల మీదికి ఏ శత్రుసైన్యమూ రాలేదు. బురుజు చూపు పొలిమేర దాటిందీ తక్కువే, తెల్లవార్లూ కాపలా కాసింది సొంత ఊరినే.

అయినా నిన్ను పొగడకుండా ఉండలేను. అందుకే ముందు నీ సున్నాన్ని పొగుడుతాను, అది ఎవరి సొత్తూ కాదు కనుక. గుండ్రటి రాతి గానుగలో సున్నమూ ఇసుకా పోసి, ఎడ్ల చేత రాతి చక్రం తిప్పించి, కరక్కాయ నానిన నీళ్లూ బెల్లం నీళ్లూ పోస్తూ, వెన్నలా జారేదాకా నూరిన డంగు సున్నం. పూసిన రోజు అది మెత్తన. తర్వాత ఏళ్ల తరబడి గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ మళ్లీ రాయిగా మారుతుంది. ఆ వాయువే కదా మనం విడిచే ఊపిరి. అంటే బస్తాలు దించినవాడి ఆయాసం, బావి దగ్గర బిందె ఎత్తినామె నిట్టూర్పు, కమాను ముందు చెప్పులు చేతబట్టుకుని నిలబడ్డవాడు బిగబట్టి వదిలిన శ్వాస, అన్నీ ఆ గోడలోకే పోయాయి. ఊరి ఊపిరి తాగి గట్టిపడ్డ గోడవి నువ్వు. గునపం దించితే ఇప్పటికీ గునపమే వంగుతుంది.

లోపలికి వస్తున్నాను, చెప్పులతోనే. ఏమీ అనుకోకు.

ఇదిగో భవంతి. నాలుగు వైపులా పడసాల, నడుమ ఆకాశం. మొగురాల మీద చిలుకలు, తామరమొగ్గలు, అరటిగెలలు. చెక్కిన వడ్రంగి పేరు ఏ మొగురం మీదా ఉండదు. దొర ఊయల వేసిన కొక్కేలు దూలానికి ఇంకా వేలాడుతున్నాయి. ఒక అర్ర గోడలో నీలం గాజుపెంకు ఇరుక్కుని ఉంది, సాయంత్రపు ఎండ దాని మీద పడినప్పుడు నేల మీద చిన్న నీలిమచ్చ కదులుతుంది. ఇంత అందాన్ని ఆనాడు ఎవరు తీరిగ్గా చూశారో! దొరలకు అలవాటైపోయి ఉంటుంది, పనివాళ్లకు తలెత్తే వీలు లేదు. ఈ పడసాలను కళ్లారా చూసిన మొదటి మనుషులు బహుశా గడీ పాడుబడ్డాక బర్రెల కోసం వచ్చిన పిల్లలే.

వంటసాల వెనక ఒక చీకటి అర్ర. కిటికీ లేదు, గూడు లేదు, దీపం పెట్టిన మసి కూడా లేదు. ఆడబాపలు ఎక్కడ పడుకునేవాళ్లని అడిగితే ఊళ్లో పెద్దవాళ్లు ఇలాంటి అర్రల వైపే చెయ్యి చూపిస్తారు. దొర బిడ్డ పెళ్లయి అత్తారింటికి పోతుంటే మంచాలతో, బిందెలతో పాటు సాగనంపిన ఆడపిల్లలు వాళ్లు. ఆ ఇంట్లో పనికీ, ఆ ఇంటి మగవాళ్లకీ. గడీల నగిషీల గురించి ముచ్చటగా మాట్లాడేవాళ్లు ఈ అర్ర దగ్గరికి వచ్చేసరికి గబగబా దాటిపోతారు. నా స్తుతి ఇక్కడ కాసేపు ఆగిపోతుంది.

కచ్చేరి అర్రలో గోడబీరువాల నిండా మట్టిపుట్టలు. బాకీ పత్రాలు కొన్ని తెలుగులో, కొన్ని ఉర్దూలో ఉండేవి, వేలిముద్ర మాత్రం అన్నిట్లో. తీసుకున్నదానికి సగం పైన కలిపి తిరిగి కొలవాల్సిన నాగు ధాన్యం లెక్కలు, తాత తెచ్చిన అప్పుకు మనవడు జీతం ఉన్న లెక్కలు. చెదలమ్మా, నీకు వెయ్యి దండాలు. ఏ ప్రభుత్వమూ చెయ్యనంత నికరమైన రుణమాఫీ నీది.

ఇంత పెద్ద ఇల్లు ఎలా నడిచింది గడీ? నీళ్లు నీ హౌజులోకి వాటంతటవి ఎక్కలేదు. చాకలి, మంగలి, కుమ్మరి, గొల్ల, గౌడ, మాదిగ, మాల, ప్రతి కులానికీ ఒక వెట్టి రాసిపెట్టి ఉంది. గొల్లవాడు మేకపిల్లనివ్వాలి, గౌడు కల్లుకుండలు దించాలి, చెప్పులు కుట్టినవాడు ఉత్తికాళ్లతో వచ్చి వాటిని అప్పజెప్పాలి. కూలి లేదు, నీ బాంచెన్ దొరా అన్న మాట ఒక్కటే అందరి నోటా. విసునూరు దేశ్‌ముఖ్‌కు 60 ఊళ్లలో 40,000 ఎకరాలని పుస్తకాల్లో చదువుతాం. ఆ ఎకరాలు ఎంత ఉన్నా, పొద్దున్నే బిందె పట్టుకుని ఎవరూ రాకపోతే గడీ గొంతు తడవదు.

ఆ సంగతి ఊళ్లకు మెల్లగా తెలిసింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలు పొలం పంట తన ఇంటికే చేరాలని నిలబడింది, చేర్చింది. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద దేశ్‌ముఖ్ మనుషులు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమురయ్య పడిపోయాడు. చెదిరిపోవాల్సిన జనం గడీ మీదికి కదిలారు. 1951 దాకా సాగిన ఆ తెలంగాణ సాయుధ పోరాటంలో కొన్ని గడీలు తగలబడ్డాయి, కొన్ని ఖాళీ అయ్యాయి. భారత సైన్యం వచ్చాక దొరలు మళ్లీ వచ్చారు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలు చట్టం వచ్చింది, కాగితం మీద చాలా మారింది. గడీలో దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. దాన్ని ఆర్పింది తర్వాతి తరం. 1978 సెప్టెంబరులో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర. ఆ ఏడాదే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలన్నారు. అప్పటికే ఊళ్లు దొరలను వెలివేయడం నేర్చుకున్నాయి. బట్టలు ఉతికేవాళ్లు రాలేదు, గడ్డం గీసేవాళ్లు రాలేదు, పేడ తీసేవాళ్లు రాలేదు. తుపాకి భయం తుపాకి భయమే గానీ, ఖాళీ బిందె అంతకంటే గట్టిగా మోగింది. దొరలు పట్నం బస్సెక్కారు. కొన్ని గడీల్లో పోలీసు క్యాంపులు దిగాయి, కొన్నింట్లో బళ్లు నడిచాయి. మిగిలినవాటికి వాన వచ్చింది.

ఇల్లు పడిపోవడానికి పిడుగు అక్కర్లేదు. మిద్దె మీది నీటితూము ఒక్కటి పూడుకుంటే చాలు. ఆకు రాలి తూముకు అడ్డం పడుతుంది, వాననీళ్లు నిలుస్తాయి, పక్షి రెట్టలోంచి రావిగింజ పగుల్లో పడుతుంది. వేరు సున్నం అతుకుల్లోకి దారి వెతుక్కుంటుంది. దూలం చివర, గోడలో దాగిన చోట, ముందుగా పుచ్చుతుంది. ఆ తర్వాత టేకు కోసం చీకట్లో మనుషులొస్తారు. దూలం పోయాక మిద్దె దానంతటదే కిందికి దిగుతుంది. పై నుంచి తీయకపోతే లోపలి నుంచి తవ్వుతారు. గుప్తనిధి ఉందని ఎవడో చెప్తాడు, నిమ్మకాయలు కోసి అమావాస్య రాత్రి గచ్చు పగలగొడతారు. ఏ పాడు గడీకి పోయినా అర్రల మధ్య నడుంలోతు గుంతలే. దొరల ధనం పాతరలో ధాన్యంగా, పత్రంలో భూమిగా ఉండేదని ఆ తవ్వేవాళ్లకు ఎవరు చెప్పాలి? ఈమధ్య పెళ్లికి ముందు ఫొటోల జంటలు కూడా వస్తున్నాయి. అమ్మాయికి దొరసాని వేషం, అబ్బాయి చేతిలో అద్దె కత్తి. ఇద్దరూ బహుశా వెట్టి చేసినవాళ్ల మనవలే అయివుంటారు. నవ్వొస్తుంది, కోపం రాదు. ఆ మెట్ల మీద కూర్చునే హక్కు వాళ్లకు కాక ఎవరికుంది?

అన్ని గోడలూ కూలిపోవాలని నేను కోరుకోను. కామారెడ్డి దగ్గర దోమకొండ గడీని వారసులే ఏళ్ల తరబడి బాగుచేయించారు, 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. పాత సున్నానికి పాత సున్నమే కలిపి, సిమెంటు తగలనివ్వకుండా చేస్తేనే అలాంటి పని నిలుస్తుంది. ఇక హైదరాబాదు కోఠీలో, గడీ కాకపోయినా దాని తాతలాంటి భవనం ఒకటుంది. 1803 ప్రాంతంలో అప్పటి రెసిడెంటు కిర్క్‌ప్యాట్రిక్ మొదలుపెట్టించిన బ్రిటిష్ రెసిడెన్సీ. ఆరు మహా స్తంభాలు, మెట్లకు రెండు వైపులా రాతి సింహాలు, నిజాం దర్బారును కనిపెట్టి ఉండటానికి కట్టిన ఠీవి. 1949 నుంచి ఆడపిల్లల కాలేజీ. పైకప్పు పెచ్చులూడి ఏళ్లపాటు మూతబడింది, మళ్లీ బాగుపడింది. విశ్వవిద్యాలయంగా మారిన ఆ కాలేజీకి 2024లో పెట్టిన పేరు చాకలి ఐలమ్మ. దేశ్‌ముఖ్‌లు సలాము చేసే దొరతనం నివసించిన ఇంటికి, దేశ్‌ముఖ్‌కు పంట ఇవ్వనన్న మనిషి పేరు. ఈ ఒక్క తలరాత కోసమైనా నేను రాతిని నమ్ముతాను.

స్తోత్రమన్నాక ఫలశ్రుతి ఉండాలి. ఇది చదివినవారికి పాముభయం తొలగదు, కనుక గడీకి పోయేవాళ్లు కాళ్లకు బూట్లు వేసుకోవాలి. దూలం కింద నిలబడరాదు. కమాను మూలన తేనెతుట్టె ఉంటే గట్టిగా మాట్లాడరాదు. ధనయోగం లేదు, కాబట్టి గునపం ఇంటి దగ్గరే పెట్టి రావాలి. బురుజెక్కే మెట్లు సగం దాకే ఉంటాయి, మిగతా సగం చూసినట్టు ఊహించుకోవాలి. దిగి వచ్చాక రావిచెట్టు కింద కూర్చున్న ముసలమ్మను పలకరించాలి. ఏ గోడకు ఎవరి తాత రాళ్లు మోశాడో ఆమె ఇంటిపేర్లతో సహా చెబుతుంది. మధ్యలో కోపం వస్తే తిడుతుంది, మిమ్మల్ని కాదు. పొద్దుపోతే జొన్నరొట్టె తిని పొమ్మంటుంది. తినే రావాలి.