స్తూపాకృతి – సెంటు స్థలం

ఆధునిక భవన నిర్మాణం మనిషిని దేవుడికీ, ఇరుగుపొరుగుకీ, ప్రకృతికీ దూరం చేసిందన్న ఫిర్యాదు మన డెల్టా ప్రాంతంలో తరచు వినిపిస్తూంది. మండువా లోగిళ్లు పోయాయి, వీధి అరుగులు పోయాయి, కాలవ గట్టున రావిచెట్లు పోయాయి. విజయవాడ నిండా అపార్టుమెంట్లూ, వాటి గేట్లూ, గేటుకొక కాపలావాడూ మిగిలారు. ఇందులో నిజం లేకపోలేదు. అయితే ఈ విలాపం ఎవరి గొంతులోంచి వస్తూందో విచారించకుండా తలూపడం గాని, ఛాందసమని తోసిపుచ్చడం గాని అభ్యుదయవాదులకు తగదు.

మన సాహిత్యంలో ఈ విలాపానికి గొప్ప రూపమిచ్చిన నవల విశ్వనాథ 'వేయిపడగలు'. గుడి, కోట, ఊరు, పొలం అన్నీ ఒకే ధర్మానికి అవయవాలు అక్కడ. ఒకటి శిథిలమైతే తక్కినవీ శిథిలమౌతాయి. కట్టడానికీ సంఘానికీ ఉన్న ముడిని ఆయన పట్టుకున్నంత లోతుగా మరొకరు పట్టుకోలేదని ఆయన సిద్ధాంతంతో పేచీ ఉన్న నేను కూడా ఒప్పుకుంటాను. కాని ఆ ఊరికి నడిబొడ్డు గుడీ, కోటా. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ తన నవలకు 'మాలపల్లి' అని పేరు పెట్టినప్పుడే ఊరనేది ఒకటి కాదు, రెండని తేలిపోయింది. అరుగుమీద కూర్చునే హక్కు ఎవరికుండేది? 1985లో కారంచేడు మారణకాండ మంచినీళ్ల చెరువు దగ్గర తగాదాతోనే మొదలయింది. ప్రకృతితో అనుబంధమని మనం మురిసిపోయే చెరువుకు సైతం కులం గట్టు వేసింది.

సిమెంటును తిట్టి ఊరుకునేవాళ్లు దివిసీమ వెళ్లి మాట్లాడాలి. 1977 నవంబరు 19న ఉప్పెన తాటాకు ఇళ్లను ఊడ్చుకుపోయిన ఊళ్లలో స్లాబు ఇల్లంటే ప్రాణరక్ష. 2024 సెప్టెంబరులో ప్రకాశం బారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు కృష్ణలంక పేదలను కాపాడింది ఏటి ఒడ్డున కట్టిన కాంక్రీటు గోడే. ఆ రోజుల్లోనే సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, గట్లు తెగిన బుడమేరు. కనుక ప్రశ్న కాంక్రీటుది కాదు. ఏది ఎక్కడ కట్టాలో ఎవరు నిర్ణయిస్తున్నారన్నది.

ఈ ప్రశ్న వేసుకోవడానికి అమరావతిని మించిన ఉదాహరణ లేదు. 2015లో 33 వేల ఎకరాలకు పైగా భూమి సమీకరించారు. జపాను శిల్పి ఫుమిహికో మాకి ఆకృతిని ముందు ఎంచి, తరవాత పక్కనపెట్టి, పని లండను సంస్థ ఫాస్టర్ అండ్ పార్ట్‌నర్స్‌కు అప్పగించారు. వారి నమూనాలో శాసనసభ మీద 250 మీటర్ల శిఖరం. హైకోర్టు పైకప్పు అంచెలంచెలుగా లేచిన స్తూపాకృతి. అరసవల్లి ఆలయంలో లాగ సూర్యకిరణాలు సభలోని తెలుగుతల్లి విగ్రహం మీద పడాలన్న ఆలోచన సినిమా దర్శకుడు రాజమౌళి నుంచి వచ్చింది. (మన ఆధ్యాత్మికతకు దర్శకత్వం కూడా కావలసి వచ్చింది!) 2019 తరవాత పనులు ఆగి, 2025 మేలో ప్రధానమంత్రి చేతులమీదుగా మళ్లీ మొదలయ్యాయి.

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు వాస్తుశిల్పంతో ఏం పని అనవచ్చు. పద్యాన్ని పరీక్షించేటప్పుడు రూపమేది, వస్తువేది అని అడిగినట్టే ఇక్కడా అడుగుతున్నాను. స్తూపం రూపం అర్ధగోళం. దాని వస్తువు దానం. అమరావతి శాసనాలు చదివితే ఆ మహాచైత్యం ఒక రాజు ఆజ్ఞతో లేచింది కాదని తెలుస్తుంది. భిక్షుణులు, గృహస్థులు, వర్తకులు తలా ఒక ఫలకం ఇచ్చారు. అందులో పూర్ణఘటం చెక్కిన రాయి ఇచ్చినవాడు విధికుడనే చర్మకారుడు, ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకు. తల్లినీ, భార్యనూ, తోబుట్టువులనూ, బిడ్డలనూ దానంలో కలుపుకున్నాడు. చెప్పులు కుట్టిన చెయ్యి నగరపు పవిత్రస్థలంలో పేరు చెక్కించుకోగలిగింది. ఆధ్యాత్మికత అన్న మాటకు ఇంతకంటె లౌకికమైన, ఇంతకంటె ఉన్నతమైన అర్థం నాకు తెలియదు. ఆ పూర్ణఘటమే 2018 నుంచి రాష్ట్ర చిహ్నంలో ఉంది.

స్తూపాన్ని రాజధానికి వాడుకోవడం అక్కడ కొత్తేమీ కాదు. 1797లో కాలిన్ మెకంజీ వెళ్లేనాటికే వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టిస్తున్న కొత్త పట్నానికి ఆ రాళ్లు తరలిపోతున్నాయి. జమీందారు రాయి తీసుకున్నాడు, మనం ఆకారం తీసుకుంటున్నాం. దాతల వరసను ఇద్దరమూ వదిలేశాం.

అదే కాలంలో భూమి మీద జరిగింది చూడండి. ఏటిపక్క జరీబు భూములు అరటి, పసుపు, కూరగాయలు, పూలు పండించేవి. కూలిజనానికి, ముఖ్యంగా ఆడవాళ్లకు ఏడాది పొడుగునా పని. భూమి ఇచ్చిన రైతుకు ప్లాట్లూ, పదేళ్ల కౌలూ దక్కాయి. భూమి లేని కుటుంబానికి మొదట కట్టిన వెల నెలకు 2,500 రూపాయలు. కొండవీటి వాగు రాజధానిని ముంచకుండా ఎత్తిపోసేందుకు 2018లో పంపులు బిగించారు. వాగుతో అనుబంధం ఇప్పుడు మోటార్ల పూచీ.

నవనగరాలన్నారు: న్యాయ నగరం, ఆర్థిక నగరం, విజ్ఞాన నగరం, క్రీడా నగరం... ఒక్కొక్కదానికి ఒక పని. కూలివాడి బతుకులో ఇవి విడివిడిగా ఉండవు. పని, బడి, ఆసుపత్రి, సంత అన్నీ నడిచివెళ్లే దూరంలో ఉంటేనే అది అతనికి ఊరు. ఈ విభజనలో ప్రకృతికి పచ్చని పట్టీలున్నాయి, పర్యాటకానికి ఏటి ఒడ్డున్నది. ఏటి ఒడ్డున బతికినవాడి పేరున నగరం మాత్రం లేదు.

సమీకరించిన భూమిలో 5 శాతం పేదల ఇళ్లకు కేటాయించాలని సి.ఆర్.డి.ఎ. చట్టమే అంటున్నది. 2023లో అప్పటి ప్రభుత్వం ఆర్-5 జోను పేరిట యాభై వేల పైచిలుకు బయటి పేదలకు తలా ఒక సెంటు, అంటే 48 చదరపు గజాలు, పట్టా ఇచ్చింది. రాజధాని పనులు ఆపేసి ఇచ్చిన ఆ సెంటులో పేదల మీద ప్రేమ ఎంతో, రైతుల మీద కక్ష ఎంతో చెప్పడం కష్టం. రైతులు కోర్టుకెక్కారు, ఆగస్టులో హైకోర్టు ఇళ్ల నిర్మాణం నిలిపివేసింది. భూమి ఇచ్చిన రైతు ఒక పక్క, భూమి లేని పేద మరొక పక్క నిలబడ్డారు. ఆ 5 శాతం ఏ నగరంలో, ఏ వీధిలో, ఎవరి ఇంటి పక్కన వస్తుందో పటం మీద గీసి చూపవలసిన పని రెండు ప్రభుత్వాల శిల్పులకూ ఇంకా మిగిలే ఉంది.