విల్ ఒక్కటే చాలదు

ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం గురించి చెప్పమని ఇంటర్వ్యూలో అడిగితే మన పిల్లలు చాలామంది "ఐ విల్ టెస్ట్ ద కోడ్, ఐ విల్ సెండ్ ద రిపోర్ట్" అంటారు. అడిగినవాడికి అదేదో ఇంకా మొదలుపెట్టని పనిలా వినిపిస్తుంది. ఇదంతా తెలుగు అలవాటు. "రిపోర్ట్ పంపిస్తాను" అంటే రోజూ చేసే పనీ కావచ్చు, రేపు చేయబోయేదీ కావచ్చు. ఇంగ్లిష్‌లో రోజువారీ పనికి "ఐ సెండ్" చాలు.

బడిలో ఫ్యూచర్ టెన్స్ అంటే విల్, షల్‌ల పట్టికే. 1653లో జాన్ వాలిస్ లాటిన్‌లో రాసిన ఇంగ్లిష్ వ్యాకరణంలోనే ఈ పంపకం ఉంది: "ఐ షల్" జరగబోయేది చెబుతుంది, "ఐ విల్" మాట ఇస్తుంది లేదా బెదిరిస్తుంది, యు, హి దగ్గరకొచ్చేసరికి తారుమారు. నేటి వాడుకలో షల్ ఎక్కువగా "షల్ ఐ హెల్ప్ యు?" లాంటి ప్రశ్నల్లోనూ, ఒప్పంద పత్రాల్లోనూ మిగిలింది.

అసలు ఇంగ్లిష్ క్రియకు భూతకాలానికి ఉన్నట్టు భవిష్యత్తుకు సొంత రూపం లేదు. గో, వెంట్ ఉన్నాయి, మూడోది లేదు. అందుకే రాండాల్ఫ్ క్విర్క్ బృందం 1985లో తెచ్చిన పెద్ద వ్యాకరణం ఇంగ్లిష్‌కు ఉన్నవి రెండే టెన్స్‌లని తేల్చింది. భవిష్యత్తు పని రకరకాల రూపాలతో నడుస్తుంది.

ఏది వాడాలో తేల్చుకోవడానికి నేను క్లాసులో అడిగే ప్రశ్న ఒకటే: "ఈ మాట ఎప్పుడు అనుకున్నావు?" గ్యాస్ అయిపోయిందని ఇంట్లోవాళ్లు చెప్పగానే అనేది "ఐ విల్ బుక్ ఇట్". పొద్దున్నే అనుకుని ఉంటే "ఐ యామ్ గోయింగ్ టు బుక్ ఇట్". డాక్టర్ దగ్గర టైమ్ తీసేసుకుంటే "ఐ యామ్ సీయింగ్ ద డాక్టర్ టుమారో". రైలుకు మన అనుకోవడంతో పనిలేదు, టైంటేబుల్ ఉంది: "ద ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్". నల్లమబ్బు కమ్మి కళ్లెదుట కనబడుతుంటే "ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్".

అందరూ జారేచోటు మరొకటుంది: "ఇఫ్ ఇట్ విల్ రెయిన్" అనేస్తారు. "ఇఫ్ ఇట్ రెయిన్స్, ఐ వోంట్ కమ్" అనాలి. తెలుగులో "వాన పడితే రాను" అంటాం. "పడితే"లో భవిష్యత్తు గుర్తేమీ లేదు, "రాను" దగ్గరే ఉంది. "వాడు వచ్చాక చెప్తాను" కూడా అంతే. తెలుగులో ఆలోచించొద్దని ఇంగ్లిష్ మాస్టార్లందరం చెబుతాం కానీ, ఇక్కడ మాత్రం తెలుగులో ఆలోచిస్తేనే ఇంగ్లిష్ సరిగ్గా వస్తుంది.