శాలువా కింద మా మాట

సభ అయిపోయాక శాలువా మిగులుతుంది. పుస్తకం మిగిలిందా అని అడగాల్సింది మనమే.

1998లో ‘జల్‌జలా’ శాలువాల కోసం రాలేదు. గుర్తింపు తర్వాత వచ్చింది. 2010లో సలీం ‘కాలుతున్న పూలతోట’కు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అది ఎయిడ్స్ బారినపడ్డవాళ్ల బతుకు మీద నవల. 2012లో వేంపల్లి షరీఫ్ ‘జుమ్మా’కు అకాడమీ యువ పురస్కారం వచ్చింది. అవి సీమ ముస్లిం ఇళ్ల కథలు. రెండూ మాకు గర్వమే. ముస్లిం రచయిత ముస్లింల గురించే రాయాలనే షరతు మేం ఒప్పుకోం. రాస్తే సంకుచితమనే మాటా ఒప్పుకోం.

అయితే అవార్డు ఢిల్లీలోనే ఆగిపోతే కోడుమూరుకు ఒరిగిందేమిటి? ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరుల్లో మా పిల్లలు ఇంట్లో తురకమాట మాట్లాడతారు. బళ్లో తెలుగు చదువుతారు. వాళ్లలో ఎందరికో ఉర్దూ లిపి రాదు. ముషాయిరాలో వాళ్లు తెలుగోళ్లు, ఉగాది కవిసమ్మేళనంలో తురకోళ్లు. అక్కడ మాకొక కుర్చీ వేసి, మతసామరస్యం మీద కవిత చదవమంటారు. కరువు మీద చదివితే మొహాలు చూసుకుంటారు. ఆదోని పత్తి, ఎమ్మిగనూరు మగ్గం మావి కావా?

రేపు సభలు పెట్టేవాళ్లకు మేం చెప్పేదొకటే. సన్మానానికి ముందు పుస్తకం చదవండి. బాగాలేకపోతే బాగాలేదనండి. మైనారిటీ కదా అని మెచ్చుకోవడం కూడా చిన్నచూపే. ఇంటిమాటలో రాసిన కథను ఆ మాటలోనే చదవనివ్వండి. ఒక్క సభైనా కోడుమూరులో పెట్టండి. బస్సెక్కి కర్నూలు రాలేని ఆడపిల్ల కూడా వింటుంది, రాసింది ఉంటే చదువుతుంది.