వినడమే వృత్తిగా

కాలేజీ కౌన్సెలర్ పనితనం బయటికి కనిపించదు. మార్కులు తగ్గి వచ్చిన పిల్లకి వెంటనే ధైర్యం చెప్పరు. నిద్ర పడుతోందా, అన్నం తింటున్నావా అని అడుగుతారు. మౌనంగా ఉంటే తొందరపెట్టరు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికీ వెనకాడరు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ప్రాణాపాయం ఉంటే తప్ప విన్నది ప్రిన్సిపాల్‌కి చేరవేయరు. మందులు అవసరమైతే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతారు. తన హద్దు ఎరిగిన ఆ నిజాయితీకి నమస్కారం.

విశాఖలో చదువుకుంటూ చనిపోయిన నీట్ విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హులైన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించాలంది. యాజమాన్యాలూ, తీరికగా ఉన్న లెక్చరర్‌కి ఆ కుర్చీ అప్పగించకండి. శిక్షణ పొందిన మనిషిని పెట్టండి, తలుపు వేసుకునే గది ఇవ్వండి.